పడవ లేనివాళ్ళ చిరునామా

కంగాబా,
1987 ఫిబ్రవరి 9

చెమోకోకు,

నేను బతికే ఉన్నాను. నువ్వూ ఉన్నావనే నమ్మకంతో రాస్తున్నాను. మీ కులిబాలీల్లా అలసందలు తినేవాళ్ళు అంత తొందరగా పోరని మా నాన్న అనేవాడు.

మా అమ్మకు ఎనభై దాటాయి. చూపు దాదాపు పోయింది. ఈ మధ్య ఒకటే పాట. "నా ముంగిట్లో కూర్చుని, నా కొడుకులిద్దరితో ఒకే గిన్నెలో చెయ్యి పెట్టి తినాలి" అంటోంది. ముంగిలి మధ్యలో గోడ ఉంది కదా. నామోరితో నేను మాట్లాడను, వాడూ నాతో మాట్లాడడు. పెద్దలు చెప్పారు. ఇమాం చెప్పాడు. అన్నదమ్ములిద్దరం వినలేదు. ఇలాంటి చోట కులిబాలి ఒకడు వచ్చి కూర్చుని తిడితే తప్ప పని కాదు. మీ పేరువాళ్ళు ఎంత తిట్టినా మా కెయితాలం కోప్పడకూడదని తాతల నాటి కట్టు కదా. నువ్వే రావాలి. నా ముఖం చూడనంటే నామోరి వైపు వాకిట్లోంచే రా.

పాత సంగతులు కాగితం మీద వద్దు.

ఫాజలా కెయితా


సెగూ,
ఫిబ్రవరి 20

నా బానిస ఫాజలా కెయితాకు,

నీ యజమానురాలు సితాన్ కులిబాలి రాయునది. నువ్వు వెతుకుతున్న చెమోకోను నేను కాను. నాకు మీసాలు కూడా లేవు. కవరు మీద ఏం రాశావో గుర్తుందా? "కులిబాలి టీచరు, సంత వెనక, సెగూ." ఈ ఊళ్ళో రాయి విసిరితే కులిబాలికి తగులుతుంది. అది ఎగిరి ఇంకొకరికి తగిలినా వాళ్ళూ కులిబాలీలే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించి, పోయిన ఏడాదే బడి వదిలాను. సంత వెనకే ఉంటాను. పోస్టుమాన్ బురామాకు అంతకంటే ఆధారం ఏం కావాలి?

"ఇది నాది కాదు బురామా" అన్నాను.

"కులిబాలీవి కావా?"

"కులిబాలీనే."

"టీచరువి కావా?"

"టీచర్నే."

"మరింకేం? ఎండలో నిలబెట్టకు తల్లీ" అని సైకిలెక్కి పోయాడు.

విప్పి చదివాను. తప్పే. కానీ బానిస ఉత్తరం యజమాని చదివితే తప్పెలా అవుతుంది? కెయితాలూ కులిబాలీలూ ఒకరినొకరు బానిసలనుకోవడం తాతల నాటి పరాచికమే కదా. నవ్వొచ్చింది. మా పేరుకు అర్థం "పడవ లేనివాళ్ళు" అని ఊరందరికీ తెలుసు. మా ముత్తాతలు అన్నదమ్ములిద్దరు. వెనక శత్రువులు తరుముతుంటే నది ఒడ్డుకు వచ్చారు. పడవ లేదు. అంతలో ఓ పెద్ద జెల్లచేప పైకొచ్చి, ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుని అవతల దింపింది. అందుకే ఇవాళ్టికీ మా ఇంట్లో ఆ చేప వండరు. అన్నదమ్ములిద్దరూ ఒకే చేప మీద నది దాటారు, అయ్యా! మీరేమో ఒక ముంగిట్లో ఇమడలేకపోయారు. అయినా "కెయితా" అంటేనే వారసత్వం లాక్కో అని కదా. పేరు పెట్టినవాడికి మీ బుద్ధి ముందే తెలుసు.

నీ చెమోకోను వెతికి పెడతాను. పనిలేని ముసలిదాన్ని. కంగాబాలో కులిబాలీలే కరువయ్యారా?

సితాన్


కంగాబా,
మార్చి 3

అలసందల మూట సితాన్‌కు,

పరాయివాళ్ళ ఉత్తరం విప్పడమే కాక అందులో తప్పులు కూడా దిద్దావు. టీచరువేనని నమ్ముతున్నాను.

మీ చేప కథ మా ఊళ్ళో వేరుగా చెప్తారు. పడవ ఉంది. పడవవాడూ ఉన్నాడు. మీ ముత్తాతలు కడుపునిండా అలసందలు తిని వచ్చారు. ఆ గాలికి తట్టుకోలేక పడవవాడు ఎక్కించుకోలేదు. చేపకు ముక్కు పనిచేయదు కనుక అది మోసింది. ఇక మీరు తాగే నీళ్ళ సంగతి: నది మా ఊరి మీదుగానే మీ ఊరికి వస్తుంది. రోజూ ఉదయం అందులో నా కాళ్ళు కడుక్కుంటాను. దాహం తీరుతోందా?

కంగాబాలో కులిబాలీలు ఇద్దరున్నారు. ఇద్దరూ నామోరి దగ్గరే బట్టలు కుట్టించుకుంటారు. వాడు దర్జీ. నేను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి దిగిపోయాను. సూది పొడిచినవాడి కంటే చొక్కా కుట్టినవాడి మీదే జనానికి ప్రేమ ఎక్కువ. ఆ ఇద్దరూ నన్ను తిట్టరు, పలకరించి పోతారు. చెమోకో అలా కాదు. ఇక్కడ బళ్ళో పనిచేసిన తొమ్మిదేళ్ళూ మా ఇంట్లోనే ఉన్నాడు. మా అమ్మ చేతి సంకటి తింటూ మా అమ్మనే తిట్టేవాడు. ఆవిడ పడీపడీ నవ్వేది.

అతనితో నాకు తగువేమీ లేదు. మనుషులు దూరమవుతారు, అంతే. గోడ నామోరి వల్ల వచ్చింది.

త్వరగా వెతుకు. అమ్మ నిన్న గిన్నె సరిగ్గా పట్టుకోలేకపోయింది.

ఫాజలా


సెగూ,
మార్చి 15

కాళ్ళు కడుక్కునే రాజుగారికి,

నీళ్ళు బాగున్నాయి. కొంచెం చెప్పుల వాసన, అంతే.

ఇప్పటికి నలుగురు చెమోకో కులిబాలీలను పట్టుకున్నాను. మొదటివాడు జాలరి. చదవడం రాదు, రాయడం రాదు, ఉత్తరం అంటేనే పోలీసు అనుకుని వల వదిలేసి పరుగెత్తాడు. రెండోవాడు మాంసం కొట్టేవాడు. "కంగాబా నుంచి ఓ కెయితా రాశాడు" అన్నానో లేదో, కత్తి పక్కన పెట్టి అరగంట సేపు నిన్ను తిట్టాడు. నువ్వెవరో కూడా అడగలేదు. "ఇవన్నీ రాసుకున్నావా అక్కా?" అన్నాడు. రాసుకున్నాను. పంపితే పోస్టాఫీసువాళ్ళు నన్ను లోపలేస్తారని ఆపాను. మూడోవాడికి వయసు రెండు నెలలు. ఉయ్యాల్లో ఉన్నాడు. వాళ్ళమ్మ పట్టుబట్టి భోజనం పెట్టింది. నాలుగోవాడు టీచరన్నారు. ఉత్సాహంగా వెళితే, ఆయన నేర్పేది లారీ తోలడం!

నలుగురూ ఒకే ప్రశ్న అడిగారు. "మేమైతే పనికిరామా? మేమూ కులిబాలీలమేగా?" పనికిరారు, ఆ కెయితాకు ఒక్కడే కావాలట అన్నాను. లారీ ఆయన తల ఊపాడు. "అయితే ఆ కెయితా ఏదో చేశాడు" అన్నాడు.

నదిఒడ్డున, పడవలు కట్టే పేటలో, ఓ చెమోకో టీచరు ఉండేవాడని ఇవాళే తెలిసింది. రేపు వెళతాను.

సితాన్


సెగూ,
మార్చి 17

గౌరవనీయులైన ఫాజలా కెయితా గారికి,

మీకూ మీ కుటుంబానికీ శాంతి కలగాలని కోరుకుంటున్నాను.

మీరు అడిగిన చెమోకో కులిబాలి గారి ఇల్లు దొరికింది. ఆయన పోయిన వానాకాలంలో, ఆగస్టులో, కాలం చేశారు. మూడు రోజులు జ్వరం. ఈ కబురు మీకు తెలపాల్సి వచ్చినందుకు విచారిస్తున్నాను.

ఆయన భార్య కొరోతుము గారితో మాట్లాడాను. గోడ కట్టినది నామోరి గారు కాదనీ, మీరేననీ చెప్పారు. దాన్ని ఆపడానికి పదకొండేళ్ళ క్రితం తన భర్త కంగాబా వచ్చారనీ, మీరు ఆయన్ను ఇంట్లోంచి పంపేశారనీ చెప్పారు. అంతకుమించి ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు.

మీ తల్లిగారి ఆరోగ్యం కోసం ప్రార్థిస్తాను. ఇట్లు,

సితాన్ కులిబాలి


కంగాబా,
మార్చి 29

సితాన్,

నన్ను "మీరు" అనకు. "గారు" అనకు. నన్ను బానిస అను, దొంగ అను, ఏదైనా అను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క తిట్టు కూడా దొరకలేదు.

మా నాన్న పోయినప్పుడు నామోరి సరిహద్దు అవతల, అబిద్‌జాన్‌లో ఉన్నాడు. వాడికి కబురు అంది, వచ్చేసరికి తొమ్మిది రోజులైంది. సమాధి మీద మట్టి ఆరిపోయింది. వాడు ఒక్కటే అడిగాడు, నాన్న కుట్టు మిషను. నేను ఇవ్వలేదు. నాకెందుకది? నేను దారం ఎక్కించిన పాపాన కూడా పోలేదు. అయినా ఇవ్వలేదు. "నాన్న ఊపిరి పోయేటప్పుడు లేనివాడికి నాన్న వస్తువెందుకు?" అన్నాను. వాడు ఏడ్చాడు. తర్వాత అరిచాడు. నేను మట్టి ఇటుకలు చేయించాను.

నలభయ్యో రోజు ప్రార్థనకు చెమోకో వచ్చాడు. సామాన్ల లారీ మీద, ఒళ్ళంతా దుమ్ము. ముంగిట్లో ఇటుకల కుప్ప మీద ఎక్కి కూర్చున్నాడు.

"ఒరేయ్ కెయితా, ఈ ఇటుకలు దేనికిరా? నీ బుర్రలో ఖాళీ పూడ్చడానికా? అయితే చాలవు, ఇంకో బండి తెప్పించు!" అన్నాడు.

అందరూ నవ్వారు. నామోరి కూడా నవ్వాడు. నాక్కూడా పెదవి కదిలింది. అప్పుడు నవ్వి ఉంటే సరిపోయేది. నేను వెళ్ళి అతని భుజం పట్టి లేపాను. "నువ్వు ఈ ఇంటివాడివి కాదు. ఇది మా రక్తం సంగతి. నీ పరాచికాలు నీ ఊళ్ళో ఆడుకో" అన్నాను.

కులిబాలి ఆడిన మాటకు కెయితా కోప్పడడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. పంచాయితీ పెట్టడానికి కూడా ఆ తప్పుకో పేరు లేదు. చెమోకో చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. "మంచిది, కెయితా గారూ. మీరు చెప్పినట్టే" అన్నాడు. వాకిలి దాటాకే చెప్పులు వేసుకున్నాడు.

ముప్ఫై ఏళ్ళ స్నేహంలో అతను నన్ను "గారు" అన్నది ఆ ఒక్కసారే. ఇప్పుడు నువ్వన్నావు.

అతను లేడు. ఇక నన్ను తిట్టడానికి ఎవరున్నారు?

ఫాజలా


సెగూ,
ఏప్రిల్ 6

ఒరేయ్ పనికిమాలిన బానిసా,

పదో తారీకు బస్సెక్కుతున్నాను. బమాకోలో మా మేనత్త ఇంట్లో ఓ రాత్రి పడుకుని, పదకొండున మీ ఊరి వ్యాను ఎక్కుతాను. నడుం నొప్పి ఉంది. వ్యానులో ముందు సీటు దొరక్కపోతే ఆ కోపం కూడా నీ మీదే.

ఎవరున్నారని అడుగుతావేం? ఈ దేశంలో అలసందల కంటే మేమే ఎక్కువ ఉన్నాం. చెమోకో లేడు, నిజమే. అతని చోటు నేను తీసుకోను. కానీ పని అతనిది కాదు, పేరుది. పేరు నాకూ ఉంది.

మీ అమ్మతో చెప్పకు. నామోరితో అసలే చెప్పకు. చెప్పడానికి నోరు లేదనుకో.

అలసందలు వండించు. మెత్తగా.

సితాన్


కంగాబా,
ఏప్రిల్ 25

గోడలు కొట్టే సితాన్‌కు,

ఇంటికి చేరి నడుం నొప్పికి నూనె రాయించుకుంటూ, సంత మొత్తానికి లేనిపోని కోతలు కోస్తూ ఉంటావు. అసలు జరిగింది నేను రాసి ఉంచుతున్నాను. రేపు ఎవరైనా అడిగితే ఇది చూపించు.

నువ్వు ఎవరినీ పలకరించలేదు. నీళ్ళిస్తే తాగలేదు. ముంగిట్లో నిలబడి, "ఇది నా బానిసల ఇల్లు. నన్నడక్కుండా ఇందులో గోడ పెట్టిందెవడు?" అని కేక పెట్టావు. నా భార్య మొక్కజొన్నలు దంచుతోంది. ఆమె చేతిలో రోకలి లాక్కుని గోడను కొట్టావు. ఇమాం పరుగున వచ్చాడు. "అమ్మా, ఎవరు నువ్వు?" అంటే "కులిబాలి" అన్నావు. ఆయన "ఆఁ, అయితే సరే" అని చెట్టు నీడకు వెళ్ళి కూర్చున్నాడు. అంతమంది పెద్దల్లో ఒక్కడూ నీ చెయ్యి పట్టుకోలేకపోయాడు.

పదకొండు వానలు తిన్న గోడ. పది దెబ్బలకు కుక్కపిల్ల దూరేంత కంత పడింది. నువ్వు ఆయాసంతో కూలబడి, కెయితాలు పనికిమాలినవాళ్ళే గానీ గోడ మాత్రం గట్టిగా కడతారని తిట్టావు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చెయ్యి వేయలేదు, సితాన్. అబద్ధం చెప్పను.

అప్పుడు అవతలి నుంచి దెబ్బ పడింది. గునపం మొన కంతలోంచి బయటికొచ్చింది.

నువ్వు నా వైపు తిరిగి, "నీ చేతులు వారసత్వం లాక్కోవడానికేనా? ఇంకో పనికి రావా?" అన్నావు. రోకలి తీసుకున్నాను. ఇంతవరకే నువ్వు ఉన్నట్టు లెక్క, ఎందుకంటే తర్వాత నువ్వు కళ్ళు మూసుకుని పడుకున్నావు. నామోరి అవతల, నేను ఇవతల. పొద్దు వాలేదాకా కొట్టాం. వాడి జుట్టు తెల్లబడిందని నాకు తెలియదు. దుమ్మేమో అనుకున్నాను. దుమ్ము కాదు.

అమ్మ గోడ పట్టుకు నడిచే మనిషి కదా, చెయ్యి చాపితే గోడ లేదు. ఆగింది. "గోల చాలు. ముందు ఆ అలసందల మనిషికి మంచినీళ్ళివ్వండి" అంది.

నువ్వు వెళ్ళిన మర్నాడు కుట్టు మిషను మోసుకుని అవతలికి వెళ్ళాను. తుప్పు పట్టింది. వాడు దాన్ని తుడిచి, "పనిచేయదు" అన్నాడు. నాకు ప్రాణం పోయినట్టయింది. తర్వాత, "బాగుచేస్తాలే. నాన్న ఉన్నప్పుడూ పని చేసేది కాదు" అన్నాడు. అమ్మ రోజూ మా ఇద్దరి మధ్యా కూర్చుని తింటోంది. ఎవరి చెయ్యి గిన్నెలో ఆలస్యంగా పడితే వాడి చేతి మీద కొడుతోంది.

ఒక్క సంగతి. నువ్వు నామోరి వైపు వెళ్ళి గంట సేపు కూర్చున్నావు. ఏం మాట్లాడావని అడిగితే వాడు చెప్పడం లేదు.

ఫాజలా


సెగూ,
మే 6

కూలిన గోడ యజమానికి,

ఉపవాసంలో ఉండి మనుషుల్ని తిట్టకూడదట. అందుకే పొద్దు వాలాక, గంజి తాగి రాస్తున్నాను. ఆకలితో దాచుకున్నవన్నీ నీకే.

నీ తమ్ముడు నాకు చెప్పింది ఇది. గోడకు అటు వైపు వాడి మంచం ఉంది, చూశావా? తల గోడ వైపు. "రోజూ తెల్లారగట్ల అన్నయ్య దగ్గుతాడు టీచరమ్మా. ఆ దగ్గు వినిపించాకే నేను లేస్తాను" అన్నాడు. పోయిన చలిలో నాలుగు రోజులు దగ్గు వినిపించలేదట. నీకు జ్వరం కదూ? మీ అమ్మ గదిలోంచి కషాయం వచ్చేది. చూపులేని ముసలావిడ అడవికి పోయి ఆకు ఎలా తెచ్చిందని, ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నీకు అనుమానమే రాలేదా? ఎంత తెలివైన కాంపౌండరువి!

"మరి నువ్వే గోడ కొట్టొచ్చుగా?" అంటే, "కట్టినవాడు పెద్దవాడు. నేను కొడితే ఆయన్ను కొట్టినట్టు. మీరు మొదలుపెట్టారు కాబట్టి సరిపోయింది" అన్నాడు. పరువులో నీ కంటే వాడే బరువు.

చెప్పొద్దన్నాడు. చెప్పేశాను. కులిబాలి నోరు.

ఇక నీ వంతు. గోడ సంగతి అయిపోయింది, చెమోకో సంగతి కాలేదు. పండగ వెళ్ళాక, వానలు పడకముందే సెగూ రా. కొరోతుముకు చెప్పాను. "రమ్మను" అంది, అంతే. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. భయపడు.

సితాన్


సెగూ, నీ ఇంటి వరండా,
జూన్ 4

సితాన్,

నీ కూతురికి నొప్పులొచ్చాయని నువ్వు ఆమె ఊరు సాన్ వెళ్ళిపోయావట. అక్కడ ఇంకో కులిబాలి మనవడు తయారవుతున్నాడన్నమాట, ఉన్నవాళ్ళు చాలనట్టు. కాగితం మీ పక్కింటివాళ్ళను అడిగి తీసుకున్నాను.

నామోరీ నేనూ కలిసే వచ్చాం. తప్పు ఒప్పుకునేవాళ్ళు పెట్టే కోలా కాయలు కొరోతుము ముందు పెట్టి తలొంచుకుని కూర్చున్నాను. నేర్చుకొచ్చిన మాటలన్నీ మరిచిపోయాను. ఆమె "ఆలస్యంగా వచ్చావు" అంది. అవునన్నాను. తర్వాత చెప్పింది.

చెమోకోను సాగనంపే రోజున ఈ ఊరి కెయితాలు కొందరు వచ్చారట, పద్ధతి ప్రకారం శవాన్ని తిట్టి, ఏడ్చేవాళ్ళను నవ్వించడానికి. కొరోతుము వాకిట్లోనే ఆపేసిందట. జ్వరంలో అతను ఆమెతో అన్నాడట: "మిగతా కెయితాలు నోరు మూసుకోవాలి. నా కెయితా వస్తాడు. వాడే తిడతాడు." అందుకని కులిబాలి శవం ఒక్క తిట్టు లేకుండా, దిక్కులేని పరాయివాడి శవంలా వెళ్ళిపోయిందట.

ఇవాళ ఉదయం సమాధి దగ్గరికి వెళ్ళాం. నిలబడి, "ఒరేయ్ చెమోకో, లే, గంట కొట్టారు, పిల్లలు బళ్ళో ఎదురుచూస్తుంటే సోమరిలా ఈ మట్టిలో పడుకుంటావా" అన్నాను. అక్కడితో ఆగాను. నామోరి అందుకున్నాడు. వాడు దర్జీ కదా, చెమోకో పాత పైజామా గురించి అన్న మాటలు ఇక్కడ రాయలేను. పక్కన గడ్డి పీకుతున్న ఓ మనిషి లేచొచ్చి, "చచ్చినవాణ్ణి తిడతారా? ఎవరు మీరు?" అని పార ఎత్తాడు.

"కెయితాలం" అన్నాం.

"అలా చెప్పరేం! కానివ్వండి" అని పార దించి, వినడానికి కూర్చున్నాడు.

కొరోతుము మాతో రాలేదనుకున్నాను. వెనక్కి చూస్తే మొక్కల పక్కన నిలబడి, ముసుగు అంచు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నవ్వీ నవ్వీ కింద కూర్చుండిపోయింది. అప్పుడు నేను మళ్ళీ అందుకున్నాను. ఎండ నెత్తికెక్కేదాకా తిట్టాను. స్నేహమైన తొలినాటి నుంచి మొదలుపెట్టాను. అతను మా ఇంట్లో ఉన్న మూడో సంవత్సరం దాకా మాత్రమే వచ్చాను.

ఇంకా చాలా ఉన్నాయి. నామోరి రేపు ఊరికి వెళ్ళిపోతాడు, కుట్టు పని ఉంది. నేను ఉంటున్నాను. ఉదయం మళ్ళీ అక్కడికి వెళ్ళాలి.

నీ బానిస,
ఫాజలా